కోర్టు వాయిదాలు, పిల్లల ఆదివారాలు: రెండూ ఒకే డైరీలో రాసుకున్న నా అనుభవం

కోర్టు డైరీలో ఆదివారం పేజీ తెల్లగా కనిపిస్తుంది. దాన్ని నమ్ముకుని పిల్లలకు కథలూ ఆటలూ నడిపే పనికి మాట ఇచ్చిన ప్లీడరు మూడో నెలకల్లా రావడం మానేస్తాడు. ఆ పేజీ నిజానికి ఖాళీ కాదు. సోమవారం క్రాసుకు, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడానికి, కేసు కట్ట చదివేది ఆదివారమే. పల్లెల నుంచి పార్టీలు, అంటే కక్షిదారులు, పనికి నాగా పెట్టకుండా ఆఫీసుకు రాగలిగేదీ ఆదివారం పొద్దునే. శనివారం రాత్రి అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కాబట్టి రిమాండు పనీ ఆ రోజే పడుతుంది. కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్లు దావా స్థలం చూడటానికి ఎక్కువగా పెట్టుకునేదీ సెలవు రోజే.

నేను తెనాలిలో ప్రాక్టీసు చేస్తూ, ఆదివారం పొద్దున 7.30 నుంచి 9.30 దాకా ఒక మునిసిపల్ స్కూల్లో 40 మంది పిల్లలతో కథలు, చదరంగం, నాటికలు, మట్టిబొమ్మలు నడిపే బృందంలో పనిచేస్తున్నాను. ఈ రెండు పనులూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఎలా అమర్చుకోవచ్చో వివరంగా రాస్తున్నాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలోనే ఇలాంటి పనికి దిగాలనుకునే జూనియర్లకు ఎక్కువగా పనికొస్తుందని నా నమ్మకం.

ముందు గంటలు లెక్కగట్టాలి. పిల్లలతో ఉండేది రెండు గంటలే అయినా వారానికి ఐదు గంటలు పోతాయి. గది తెరిచి బల్లలు జరపడానికి అరగంట, అయ్యాక ఊడ్చి హాజరు రాసి తాళం వేయడానికి అరగంట, శనివారం సామాను కొనడానికి గంట, వారం మధ్యలో మిగతా వాలంటీర్లతో మాట్లాడటానికి అరగంట, తల్లిదండ్రుల ఫోన్లకు ఇంకో అరగంట. ఈ ఐదు గంటలు ఎక్కడి నుంచి తీయాలో ముందే తేల్చుకోకపోతే నిద్రలోంచి పోతాయి, ఆ తర్వాత కట్ట చదివే సమయంలోంచి పోతాయి.

నేను రెండు మార్పులు చేశాను. ఆదివారం పార్టీలను పొద్దున కాకుండా సాయంత్రం 4 నుంచి 8 మధ్య రమ్మన్నాను. గుమస్తా రెండు నెలలపాటు ప్రతి పార్టీకీ వాయిదా చెప్పేటప్పుడే ఈ మాటా చెప్పాడు, అలవాటైంది. రెండోది, సోమవారం కట్టలు శుక్రవారం రాత్రే చదవడం. ఇందులో పిల్లల పనికి చిక్కే సమయం కంటే కోర్టు పనికి జరిగే మేలే ఎక్కువ. శుక్రవారం రాత్రి చదివితే ఫలానా నకలు లేదనో, ఫలానా కాగితం మీద సంతకం లేదనో తెలిసినప్పుడు శనివారం ఒక రోజు చేతిలో ఉంటుంది. ఆదివారం రాత్రి తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

ఇక డైరీ. పిల్లల కార్యక్రమం ఉందని వాయిదా అడగకూడదు. ఇది కోర్టు మర్యాద ఒక్కటే కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సి.పి.సి.) 17వ ఆర్డరు 1వ రూలు ప్రకారం ప్లీడరు వేరే కోర్టులో ఉన్నాడన్నది కూడా వాయిదాకు కారణం కాదు. వేరే కోర్టే కారణం కానప్పుడు నాటిక రిహార్సల్ ఎలా అవుతుంది? దావా విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వొద్దని కూడా అదే రూలు అంటుంది. ఆ మూడూ పార్టీవి. సాక్షికి జ్వరమొస్తేనో, ఇంట్లో చావు జరిగితేనో వాడుకోవాల్సినవి. వాటిని మన పనికి ఖర్చుపెట్టే హక్కు మనకు లేదు.

అందుకని నా డైరీలో తేదీలు రెండు రకాలు. ఎర్ర గీత ఉన్నవి కదలవు, ఇంకొకరికి అప్పజెప్పేవీ కావు: పార్ట్ హర్డ్‌లో ఉన్న, అంటే సగంలో ఆగిన క్రాస్, తుది వాదనలు, గడువు తేదీలు. గీత లేనివి కాల్ వర్క్‌లో, అంటే పొద్దున కేసులు పిలిచేటప్పుడే, తేలిపోయేవి: సమన్ల కోసం, కౌంటరు (ఎదుటి పక్షం జవాబు) కోసం, స్టెప్స్ (నోటీసు పంపడానికి కట్టే రుసుము, కాగితాలు) కోసం పడ్డ వాయిదాలు, ముద్దాయి రాలేని రోజు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బి.ఎన్.ఎస్.ఎస్. 355వ సెక్షన్ కింద వేసే పిటిషన్లు. వీటిని జూనియరు చూసుకుంటాడు. అయితే వకాలత్‌లో, అంటే పార్టీ తన తరఫున వాదించమని రాసిచ్చే కాగితంలో, జూనియరు పేరు మొదటి రోజే ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. తన పేరొక్కటే రాసి దాఖలు చేస్తారు, అవసరమైన రోజు జూనియరును పంపుతారు, అతను లేచి నిలబడితే అవతలి ప్లీడరు అభ్యంతరం చెబుతాడు. వకాలత్ మీద రెండు పేర్లు రాయడానికి పట్టేది ఒక నిమిషం.

గడువుల్లో నేను ఎర్రగీత పెట్టేవి ఇవి. రిటన్ స్టేట్‌మెంటుకు (దావాకు ప్రతివాది ఇచ్చే జవాబు) సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90 దాకా. కమర్షియల్ దావాలో 120 రోజులు దాటితే దాఖలు చేసే హక్కే పోతుంది. చెక్కు కేసులో చెక్కు చెల్లలేదని బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక చెల్లించడానికి 15 రోజులు, ఆపైన నెలలోపు ఫిర్యాదు. గడువులోగా ఛార్జిషీటు రాకపోతే దొరికే డిఫాల్ట్ బెయిలుకు 60వ రోజు లేదా 90వ రోజు ఎప్పుడన్నది. ఆ గడువు దాటాక మనం దరఖాస్తు వేసేలోపే ఛార్జిషీటు వచ్చేస్తే ముద్దాయి హక్కు పోయినట్టే. ప్రతిదానికీ అసలు తేదీతో పాటు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి డైరీలో రాస్తాను. అసలు తేదీ ఒక్కటే రాస్తే అది ఎక్కువగా కార్యక్రమం మర్నాడే వచ్చి కూర్చుంటుంది.

ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు సి.ఎన్.ఆర్. నంబరు (ఒక్కో కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు), 16 అక్షరాలూ అంకెలూ కలిసినది, ఎక్కించుకుంటే తేదీలన్నీ ఒకచోట కనిపిస్తాయి. కానీ యాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పొద్దున వేసిన వాయిదా ఆ సాయంత్రానికి అందులో ఎక్కకపోవచ్చు. బెంచి గుమస్తా దగ్గర రాసుకున్న తేదీ, మా గుమస్తా పుస్తకం, యాప్, ఈ మూడింటినీ ఆదివారం రాత్రి పక్కపక్కన పెట్టి సరిచూస్తాను. అరగంట పని. మూడూ కలిస్తేనే ఆ వారం పేజీలు పూర్తయినట్టు.

పిల్లల కార్యక్రమాలూ అదే డైరీలో ఎక్కాలి. వేరే పుస్తకంలోనో, ఫోన్లోనో రాసుకుంటే రెండు పనులూ ఎక్కడ ఢీకొంటాయో కంటికి కనబడదు. నవంబరు 14న పోటీలు పెట్టుకుంటే ఆ తేదీ ఒక్కటే రాసి ఊరుకోకూడదు, వెనక్కి లెక్కగట్టాలి. సెప్టెంబరు మొదటి వారంలో హాలు కోసం ఉత్తరం, ఆఖరి వారంలో స్కూళ్లకు నియమాల కాగితం. దసరా సెలవుల్లో నాటిక చదివి పాత్రలు పంచడం. నవంబరు 1 కల్లా పేర్ల జాబితా ముగింపు. ఇలా రాసుకుంటే నవంబరు మొదటి రెండు వారాల్లో ప్లీడరు చేతిలో ఉండాల్సిన పని దాదాపు ఏమీ మిగలదు.

ఆ రెండు వారాలే కష్టం. 9వ తేదీ న్యాయ సేవల దినోత్సవం, స్కూళ్లలో న్యాయ చైతన్య సదస్సులకు రమ్మని పిలుపులు వస్తాయి. డిసెంబరు లోక్ అదాలత్ కోసం రాజీ అయ్యే కేసులను అప్పటికే ఏరుతుంటారు. ఏడాది ముగిసేలోపు పాత దావాలు తేల్చాలని ట్రయల్ తేదీలు దగ్గర దగ్గరగా పడతాయి. అందుకే నవంబరులో కమిషన్ వారెంట్లు, అంటే అడ్వకేట్ కమిషనరుగా వెళ్లే పనులు, ఒప్పుకోను. రెండో శనివారం సెలవు కదా అని పోటీలకు ఆ రోజు పెట్టుకునేవారికి ఒక మాట. జాతీయ లోక్ అదాలత్‌లు ఏడాదికి నాలుగుసార్లు శనివారం జరుగుతాయి, ఎక్కువగా రెండో శనివారమే. ఆ నాలుగు తేదీలూ ఏడాది మొదట్లోనే తెలుస్తాయి. డైరీ కొన్న రోజే వాటిని రాసి పెట్టుకోవాలి.

పనిరోజుల్లో సాయంత్రం 6.15కు ముందు పిల్లలకు మాట ఇవ్వను. కోర్టు ఐదింటికి లేస్తుందని ఐదున్నరకు రిహార్సల్ పెడితే, క్రాస్ మధ్యలో ఉన్న రోజున పదిహేనుమంది పిల్లలు తాళం వేసిన గేటు దగ్గర నిలబడి ఉంటారు. అందుకే తాళాలు రెండు జతలు ఉండాలి, రెండోది కోర్టుతో సంబంధం లేని మనిషి దగ్గర ఉండాలి. మా దగ్గర అది ఒక రిటైరైన టీచరు గారి దగ్గర ఉంటుంది.

మే నెల శిబిరం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సివిల్ కోర్టులకు వేసవి సెలవులు, బళ్లకూ సెలవులు, కాబట్టి అందరూ అప్పుడే పెట్టుకుంటారు. మంచిదే. కానీ సెలవుల్లో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, క్రిమినల్ పని ఆగదు, రిమాండ్లూ బెయిళ్లూ ఎప్పటిలాగే ఉంటాయి. రెండోది గడువులు. కోర్టు మూసి ఉన్నప్పుడు గడువు ముగిసే దావానో అప్పీలునో తెరిచిన రోజు దాఖలు చేసుకోవచ్చని లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. ఈ వెసులుబాటు చెక్కు నోటీసుకు కూడా ఉందనుకుంటే కేసే పోతుంది. నోటీసు కోర్టులో దాఖలు చేసేది కాదు, పోస్టులో పంపేది. కోర్టు సెలవుతో దానికి సంబంధం లేదు. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చూపి క్షమించమని అడగొచ్చు, నోటీసు ఆలస్యమైతే అడగడానికి దారే లేదు. అందుకని శిబిరం మొదలవడానికి వారం ముందు, చెక్కు చెల్లలేదని గత నెలలో వచ్చిన బ్యాంకు మెమోలన్నీ బయటికి తీసి నోటీసులు పంపేయాలి.

శిబిరంలో మట్టిబొమ్మల తరగతికే పిల్లలు ఎక్కువ వస్తారు. 40 మందికి మనిషికి 400 గ్రాముల చొప్పున 16 కిలోలు కావాలి, ఆరిపోయినవీ పాడైనవీ పోను 20 కిలోలు తెచ్చుకుంటే సరిపోతుంది. చెరువు బంకమట్టిని ముందురోజు సాయంత్రం నీళ్లలో నానేసి, పొద్దున రాళ్లూ వేళ్లూ ఏరి, గోనెపట్టా మీద వేసి పిసకాలి. వేలితో నొక్కితే గుంట పడాలి, మట్టి మాత్రం వేలికి అంటకూడదు. అంటుతుంటే నీళ్లు ఎక్కువైనట్టు, అలాంటి మట్టితో చేసిన బొమ్మ ఆరేటప్పుడు పగులుతుంది. ఇక పిల్లలందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఏనుగు ఒళ్లు విడిగా, తొండం విడిగా చేసి, తొండాన్ని ఊరికే ఒత్తి అతికిస్తారు. మర్నాటికి అది ఊడి కింద ఉంటుంది. అతికించే రెండు చోట్లా చీపురుపుల్లతో అడ్డం నిలువు గీతలు గీసి, మజ్జిగలా పలచగా కలిపిన మట్టి రాసి, అప్పుడు ఒత్తి, అతుకు మీద వేలితో నునుపు చేయాలి. బొమ్మల్ని ఎండలో పెట్టొద్దు. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, మధ్యలో చీలుతుంది. నీడలో మూడు నాలుగు రోజులు, మొదటి రోజు పైన తడిగుడ్డ. కాళ్లూ తోకలూ చిటికెన వేలికంటే సన్నగా ఉంటే నిలవవని మొదట్లోనే చెప్పేయాలి, లేకపోతే ఆఖరి రోజు ఏడుపులు.

ఎండాకాలం 40 మందికి రెండు గంటలకు 20 లీటర్ల క్యానులు రెండు పెడతాం. ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో కలిపి ఇవ్వకూడదు, మోతాదు తప్పుతుంది. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి, గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు. ఒక్క పిల్లతో ఒక్క పెద్ద మనిషి తలుపు మూసిన గదిలో ఉండకూడదు. ఈ నియమం నాకూ, వాలంటీర్లందరికీ ఒకటే.

చేరేటప్పుడు నింపించుకునే కాగితం ఒక పేజీ దాటకూడదు. పేరు, తరగతి, ఇద్దరు పెద్దల ఫోన్లు, పడని మందులూ తిండీ, ఫొటో తీయడానికి ఒప్పుకుంటారా లేదా, ఇంటికి ఎవరు తీసుకెళ్లొచ్చు. ఆఖరి ప్రశ్నను చాలామంది అడగరు. అది అన్నిటికంటే ముఖ్యం. భార్యాభర్తలు విడిగా ఉంటూ బిడ్డ కోసం కోర్టులో ఉన్నప్పుడు, కాగితంలో పేరు లేని తండ్రో తల్లో గేటు దగ్గరికి వస్తారు. అప్పుడు వాలంటీరు తన మనసుకు తోచింది చేయకూడదు. కాగితంలో ఉన్నవాళ్లకే అప్పగించాలి. కోర్టు ఉత్తర్వు ఉందంటే నకలు చూపించమనాలి, కాగితంలో ఉన్న ఫోనుకు చెప్పాలి, అంతవరకూ పిల్లను లోపలే కూర్చోబెట్టాలి. ఇలాంటి కేసుల్లో బిడ్డను చూసే సమయం తరచుగా ఆదివారమే ఇస్తారు, కాబట్టి ఆ పిల్ల రెండు వారాలకోసారి రాకపోతే ఎందుకు రాలేదని అందరి ముందూ అడగొద్దు.

ఆ తల్లిదండ్రుల్లో ఎవరి వకాలతూ నేను తీసుకోను. బిడ్డ నా తరగతిలో ఉండగా ఒక పక్షాన నిలబడితే రెండో పక్షానికి ఆ గది మూసుకుపోతుంది, నష్టపోయేది బిడ్డ. అదీకాక బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 13వది, తాను సాక్షి కావాల్సి వస్తుందని నమ్మడానికి కారణం ఉన్న కేసు తీసుకోవద్దంటుంది. హాజరు పట్టీ మన చేతి రాతలో ఉంటుంది. రేపు దాన్ని ఏదో ఒక పక్షం కోర్టుకు తెప్పించవచ్చు.

ప్లీడర్లు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఆఫీసులో పార్టీ చెప్పిన మాట మన దగ్గరే ఉండాలి, భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ దానికి రక్షణ. ఆ అలవాటు మనలో ఎంత నాటుకుపోతుందంటే, ఒక పిల్ల వచ్చి తనను ఫలానా మనిషి ముట్టుకున్నాడని చెబితే దాన్నీ అలాగే దాచబోతాం. ఆ పిల్ల మన పార్టీ కాదు, మనం అక్కడ ప్లీడరుగా లేం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం స్థానిక పోలీసులకో, ప్రత్యేక జువెనైల్ పోలీసు యూనిట్‌కో చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేస్తే పిల్లకు అందాల్సిన సాయమూ మొదలవుతుంది.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. క్రాస్ చేసే నోటితో పిల్లను ప్రశ్నలు అడగొద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు అని తరచి అడిగితే భయపడి మాట మారుస్తుంది, ఆ మారిన మాటే రేపు కేసులో ఆమెకు అడ్డం వస్తుంది. చెప్పింది పూర్తిగా విని, నువ్వు చెప్పి మంచి పని చేశావమ్మా అని, ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకుండా, ఆమె మాటల్ని ఆమె అన్నట్టే తేదీ, సమయంతో రాసిపెట్టాలి. పెద్దల్ని పిలిచి రాజీ మాట్లాడటం పూర్తిగా తప్పు. వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టడం కూడా తప్పే. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, అక్టోబరులో, వాలంటీర్లందరినీ గంటసేపు కూర్చోబెట్టి ఈ ఒక్క విషయం చెబుతాను. ప్లీడరు అనేవాడు పిల్లల బృందంలో ఉండటం వల్ల ఏదన్నా ప్రత్యేక ఉపయోగం ఉందంటే ఇదే.

బ్యానర్ల మీద నా పేరు పక్కన అడ్వకేట్ అని వేయించను, ఫోన్ నంబరు అసలే ఉండదు. ప్రచారం చేసుకోవడం బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం తప్పు, పిల్లల పేరుతో చేసుకుంటే మరీ తప్పు. గేటు దగ్గర భూమి తగాదానో భరణమో అడిగే తల్లులకు మండల న్యాయ సేవల కమిటీ గది ఎక్కడుందో చెబుతాను, న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100 నంబరు రాసిస్తాను. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా వస్తుంది. వాళ్లను నా ఆఫీసుకు రమ్మంటే ఆదివారం తరగతి కేసులు పట్టుకొచ్చే చోటుగా మారిపోతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. పిల్లల బృందాన్ని సొసైటీగా రిజిస్టరు చేయాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ప్లీడరు ఉన్నాడు కదా అని కార్యదర్శి పదవీ చెక్కుల మీద సంతకమూ మనకే అంటగడతారు. రెండూ వద్దు. ముసాయిదా రాసిపెట్టండి, లెక్కలు వేరేవాళ్లు చూడాలి. జీతం పుచ్చుకునే పూర్తికాలపు ఉద్యోగం ప్లీడరుకు కుదరదు, బోధించడానికి మాత్రం బార్ కౌన్సిల్ నియమాలు అడ్డురావు.

సెషన్స్ కేసు ట్రయల్ వరసగా రోజూ పడ్డప్పుడు రెండు మూడు వారాలు నేను వెళ్లలేను. ఆ సంగతి ట్రయల్ షెడ్యూలు ఇచ్చిన రోజే టీచరు గారికి చెబుతాను. బీరువాలో ఒక నోటు పుస్తకం ఉంటుంది, ఎవరొచ్చినా దాన్ని చూసి తరగతి నడపాలి. గత ఆదివారం పేజీలో ఇలా ఉంది: హాజరు 36. కథ సగంలో ఆగింది, 11వ పేజీ నుంచి. చదరంగం 6వ పెట్టెలో నల్ల గుర్రం లేదు, 9వ పెట్టెలోంచి తీసి వాడండి. రెండో గది ఫ్యాను చప్పుడు చేస్తోంది, చిన్న తరగతిని అక్కడ కూర్చోబెట్టొద్దు. కొత్తగా చేరిన ముగ్గురి కాగితాలు ఇంకా రాలేదు, వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించుకోండి.